కాళ్ళు పడిపోతుంటే మెడకు ఆపరేషన్ చేశారు: ఫ్లోరోసిస్‌తో నా అనుభవం

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఆ పేరు చెప్తే చాలు, ఎదుటివాళ్ళు ముందు నా పళ్ళ వంక చూస్తారు. నాకు యాభై దాటాయి. దర్జీ పని చేస్తాను. ఆ మధ్య నా మెడకు పెద్ద ఆపరేషన్ జరిగింది. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్ళ వల్ల మెడలో వెన్నుపాము నొక్కుకుపోయిందని తేల్చారు. ఇదంతా వివరంగా రాయడానికి కారణం ఉంది. మా దిక్కు "ఫ్లోరైడుకు మందు లేదు" అనే మాట జనంలో బాగా పాతుకుపోయింది. కాళ్ళు పడిపోతున్నవాళ్ళు కూడా ఆ మాటే అనుకొని, కర్ర పట్టుకొని, ఆ తర్వాత మంచం పట్టి ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియక ఎంతమంది నడక పోగొట్టుకున్నారో తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

నాకు మొదట తేడా తెలిసింది మిషన్ మీద. కాలితో తొక్కే పాత మిషన్ నాది. కుట్టడం ఆపినా కుడి పాదం పెడల్ మీద దానంతట అదే టకటకా ఆడేది. మోకాలిని చేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆగేది. వదిలితే మళ్ళీ మొదలు. నొప్పి ఏమీ లేదు. అలసట అనుకున్నాం. ఆ తర్వాత ఒకరోజు దుకాణం నుంచి ఇంటికొస్తే మా ఆవిడ నా కాళ్ళ వంక చూసి, "ఒక్క చెప్పేనా? ఇంకోటి యాడ ఇడిసి వచ్చినవ్?" అంది. దారిలో చెప్పు జారిపోయింది. ఎక్కడ జారిందో నాకు తెలియనే లేదు. అరికాలికి నేల తెలియడం తగ్గిపోయిందన్నమాట. చీకట్లో నడవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

చేతులు అంతకంటే ఎక్కువ బాధపెట్టాయి. దర్జీకి కళ్ళెంత ముఖ్యమో వేళ్ళ కొసలూ అంతే. రెండు పొరల గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే, అది ఒక పొరో రెండు పొరలో చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. అది పోయింది. సూదిలో దారం ఎక్కించడానికి మా అబ్బాయిని పిలవాల్సి వచ్చింది. కాజాలు చేత్తో కుడితే వంకర పోయేవి. కత్తెర వేళ్ళలోంచి జారేది. చివరికి నా చొక్కా గుండీలు నేను పెట్టుకోలేకపోయాను. మూత్రం వచ్చిందంటే ఆపుకోలేకపోవడం కూడా అప్పుడే మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గనిపించే మాటే, అయినా దాచకూడదని రాస్తున్నాను. ఇది చాలా ముఖ్యమైన లక్షణమని తర్వాత తెలిసింది.

మా పక్క పట్టణంలో చూపించుకున్నాం. మోకాళ్ళకు ఎక్స్‌రే తీశారు. అరుగుదల అన్నారు, నొప్పి మాత్రలు రాశారు. ఇంకోచోట వాతం అన్నారు, సూదులు వేశారు. మరోచోట నా పళ్ళు చూసి, ఊరి పేరు అడిగి, "ఫ్లోరైడు కదా, దీనికి చేసేదేమీ లేదు, నొప్పి ఉన్నప్పుడు మాత్ర వేసుకోండి" అని పంపించేశారు. మాత్రలతో నడుము నొప్పి తగ్గేది. నడక మాత్రం నెలనెలకూ పాడైపోతూ వచ్చింది. మా ప్రాంతంవాళ్ళకు నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇదే. నొప్పి తగ్గిందా పెరిగిందా అన్నది దీనికి కొలత కాదు. కాళ్ళు బిగుసుకుంటున్నాయా, చెప్పు జారితే తెలుస్తోందా, గుండీ పెట్టుకోగలుగుతున్నారా, మూత్రం ఆగుతోందా, ఇవి చూసుకోవాలి.

మా అక్క కూతురు హైదరాబాదులో నర్సు. పండక్కి వచ్చినప్పుడు నేను గడప దాటడం చూసి, "మామా, నీ కాళ్ళల్ల ఏం లేదు. నరాల డాక్టరుకు మెడ సూపియ్యాలె" అంది. మెడ నొప్పి నాకు పెద్దగా లేదు. తల వెనక్కి వాలదు, పక్కకు పూర్తిగా తిరగదు, అంతే. మా ఊళ్ళో నా వయసువాళ్ళలో చాలామందికి మెడ అంతే. పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడటం మాకు అలవాటైపోయింది కాబట్టి దాన్ని జబ్బు కింద ఎవరూ లెక్కెయ్యరు.

హైదరాబాదులో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి న్యూరోసర్జరీ ఓపీకి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు గారు స్కానింగుల జోలికి పోకుండా ముందు నన్ను చూశారు. మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. అరికాలిని తాళంచెవి మొనతో గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది పోయి పైకి లేచింది. మధ్యవేలి గోరును చటుక్కున మీటితే బొటనవేలు ముడుచుకుంది. తర్వాత పది సెకన్లలో వీలైనన్నిసార్లు పిడికిలి మూసి తెరవమన్నారు. మామూలు మనిషి 20 సార్లు చేస్తాడట. నేను అందులో సగం కూడా చేయలేకపోయాను. పాదం పెడల్ మీద ఆడే సంగతి చెప్తే, ఆయన నా పాదాన్ని చేత్తో పైకి నెట్టి పట్టుకున్నారు. అక్కడే, ఆయన చేతిలోనే, టకటకా ఆడటం మొదలుపెట్టింది. "చూశారా, ఇది అలసట కాదు. పైనుంచి వచ్చే నరాల అదుపు తప్పింది" అన్నారు.

ఆ తర్వాత ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఏ నీళ్ళు తాగి పెరిగారన్నారు. చిన్నప్పుడు చేదబావి, తర్వాత బోరింగు. మా తరమంతా బోరింగు నీళ్ళతోనే పెరిగింది. మన దేశంలో తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫర్వాలేదని ప్రమాణం. నల్గొండ భూగర్భజలాల్లో 20 మిల్లీగ్రాముల దాకా నమోదైన చోట్లున్నాయి. మా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడు ఖనిజాలు నీటిలో కరుగుతాయి. సున్నం, అంటే కాల్షియం, తక్కువగా ఉన్న నీటిలోకైతే ఇంకా ఎక్కువ దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ మంచి నీళ్ళు పడతాయని మా పెద్దలు ఆశపడ్డారు. చాలాచోట్ల దానికి తలకిందులుగా జరిగింది.

ఎక్స్‌రేలలో ఆయన మొదట తీయించింది మెడకు కాదు, ముంజేతికి. నాకు ఆశ్చర్యమేసింది. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పలుచటి పొర ఉంటుంది. మామూలుగా అది ఎక్స్‌రేలో కనపడదు. నాకు ఆ పొర ఎముకగా మారి తెల్లగా, గరుకుగా కనపడింది. ఎముకల ఫ్లోరోసిస్‌కు ఇది గట్టి గుర్తట. బిగుసుకుపోయే వెన్ను జబ్బులు వేరేవీ ఉన్నాయి కాబట్టి వాటిలోంచి దీన్ని విడదీయడానికి ఈ ఎక్స్‌రే బాగా పనికొస్తుందని చెప్పారు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మూత్రంలో ఫ్లోరైడు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియడానికి క్రియాటినిన్ కూడా చేయించారు. ఫ్లోరైడు ఒంట్లోంచి బయటికి పోయే దారి మూత్రపిండాలే. అవి బలహీనంగా ఉంటే ఫ్లోరైడు ఇంకా పేరుకుంటుంది.

ఎమ్మారైకి వెల్లకిలా పడుకోవడమే పెద్ద కష్టమైంది. నా వీపు వంగి బిగుసుకుపోయింది, తల బల్లకు ఆనలేదు. తల కింద దిండు మీద దిండు పెట్టి ఎలాగో సర్దారు. ఎముక ఎంత పెరిగిందో చూడటానికి సీటీ కూడా తీశారు. ఫిల్ములు వెలుగులో పెట్టి డాక్టరు గారు వివరించింది నాకు బాగా అర్థమైంది, నా పని భాషలో చెప్తాను. లంగాకు నాడా దూర్చే పట్టీ ఉంటుంది కదా, ఆ పట్టీ లోపలివైపు గుడ్డ ఏళ్ళ తరబడి మందమవుతూ పోతే నాడాకు చోటుండదు. వెన్నుపాము ఆ నాడా. మెడ ఎముకల వెనుకా ముందూ వాటిని కలిపి పట్టుకునే పట్టీలాంటి లిగమెంట్లు ఉంటాయి. ఫ్లోరైడు వల్ల అవి గట్టిపడి ఎముకలైపోతాయి. ఎముకలు కూడా మందమవుతాయి. నాకు మూడో మెడపూస నుంచి ఆరో పూస దాకా వెన్నుపాము చదునుగా నలిగిపోయి ఉంది. నలిగినచోట ఎమ్మారైలో తెల్ల మచ్చ కూడా ఉంది. అంటే నరాలకు అప్పటికే దెబ్బ తగిలిందని అర్థం.

"ఇప్పుడు మాకు కృష్ణా నీళ్ళు వస్తున్నాయి కదా సార్, బోరింగు మానేసి ఏళ్ళయింది, ఇప్పుడెందుకు ముదిరింది?" అని అడిగాను. ఒంట్లో ఉన్న ఫ్లోరైడులో నూటికి 99 వంతులు ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుందట. నీళ్ళు మారినంత మాత్రాన అది దిగిపోదు. ఎముక కొద్దికొద్దిగా కరిగి కొత్తగా కట్టుకునే క్రమంలో ఏళ్ళ మీద మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా ముదిరిన ఎముక ముదిరినట్టే ఉంటుంది. దానికి వయసు తెచ్చే అరుగుదల తోడవుతుంది. నీళ్ళు మారడం మా పిల్లల ఎముకలను కాపాడింది. మా ఎముకల్లోకి చేరింది మాతోనే ఉంది.

ఆ నీళ్ళ కోసం మా జిల్లా పడిన పాట్లు ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. గెలవడానికి కాదు, మా నీళ్ళ గోస దేశానికి వినపడాలని జలసాధన సమితి పిలుపుతో వేసిన నామినేషన్లవి. ఓటు పత్రం పుస్తకమంత అయింది. ఆ తర్వాత మా మండలం శివన్నగూడెం అంశాల స్వామిని ఢిల్లీ తీసుకెళ్ళి ప్రధాని వాజపేయి గారి ముందు ఉంచారు. ఫ్లోరైడు ఒక మనిషి ఎముకలను ఏం చేస్తుందో స్వామిని చూసి దేశం తెలుసుకుంది. 2023లో ఆయన పోయారు. భగీరథ నల్లా తిప్పినప్పుడల్లా ఆయన నాకు గుర్తొస్తాడు.

ఆపరేషన్ మాట వినగానే ఇంట్లో టెన్షన్ మొదలైంది. "మెడ మీద కత్తి పెడితే మనిషి లేవడు" అని చుట్టాలు తలా ఒక మాట అన్నారు. డాక్టరు గారు మాత్రం నాకు ఏదీ దాచలేదు. "పోయిన బలం మొత్తం తిరిగి తెస్తానని చెప్పను. ఇకముందు పోకుండా ఆపడానికి చేస్తున్నాం. కొంత తిరిగి రావచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ వచ్చేది తగ్గిపోతుంది" అన్నారు. ప్రమాదాలు కూడా చెప్పారు. నరాలకు ఇంకా దెబ్బ తగలవచ్చు, రక్తస్రావం కావచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇది కొత్త వైద్యం కాదనీ, నిమ్స్ డైరెక్టరుగా చేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు దశాబ్దాల కిందటి నుంచే మన ఫ్లోరోసిస్ రోగుల వెన్ను మీద పనిచేశారనీ, ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళలో సుమారు పది శాతం మందికి నరాల ఇబ్బంది వస్తుందని రాశారనీ చెప్పారు. అసలు మనుషుల ఎముకల్లో ఈ జబ్బును మన దేశంలో మొదట రాసిపెట్టింది కూడా తెలుగు నేల మీదే. 1937లో పొదిలి, దర్శి ప్రాంతంలో, అప్పుడది నెల్లూరు జిల్లా. ఇంతకాలంగా తెలిసిన జబ్బుకు "చేసేదేమీ లేదు" అని ఒక మనిషిని వెనక్కి పంపడం ఏ రకంగా న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆరోగ్యశ్రీ కింద పెట్టారు. కార్డు, ఆధార్, రిపోర్టులు ఇచ్చాక అనుమతి రావడానికి కొంత ఆగాం. అక్కడుండే ఆరోగ్యమిత్ర అమ్మాయి ఓపిగ్గా అన్నీ చూసుకుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆపరేషన్ కంటే ముందు మత్తు డాక్టర్లే ఎక్కువ ఆలోచించారు. మత్తిచ్చాక గొంతులోకి శ్వాస గొట్టం వేయాలంటే మామూలుగా తల వెనక్కి వంచుతారు. నా మెడ వంగదు, బలవంతంగా వంచితే వెన్నుపాము ఇంకా నలుగుతుంది. పైగా ఛాతీ ఎముకలు కూడా బిగుసుకుపోవడంతో నాకు ఊపిరి పూర్తిగా నిండదు. అందుకని మెలకువగా ఉండగానే గొంతుకూ ముక్కుకూ తిమ్మిరి మందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టంతో దారి చూసుకుంటూ శ్వాస గొట్టం వేశారు. చెప్పాలంటే మొత్తం వైద్యంలో నాకు భయం వేసింది ఆ కొద్దిసేపే. మత్తు డాక్టరమ్మ నా చెవి దగ్గర "ఊపిరి తీసుకోండి, వదలండి, బాగా చేస్తున్నారు" అని చెప్తూనే ఉంది. ఆ గొంతు పట్టుకొని నేను నిలబడ్డాను.

బోర్లా పడుకోబెట్టి మెడ వెనుక నుంచి చేశారు. వెన్నుపామును వెనుకవైపు కప్పి ఉండే ఎముక పలకలను మూడో పూస నుంచి ఆరో పూస దాకా తీసేశారు. లామినెక్టమీ అంటారు. అలా తీస్తే వెన్నుపాము వెనక్కి జరిగి ఊపిరి పీల్చుకుంటుంది. ఫ్లోరైడు ఎక్కిన ఎముక మామూలు దానికంటే మందం, గట్టిదనం ఎక్కువ. మామూలు పరికరాలతో కొరికి తీయడం ప్రమాదమని, డ్రిల్లుతో పొరలు పొరలుగా పలుచన చేసుకుంటూ పోయారట. ఎముకగా మారిన లిగమెంటు కొన్నిచోట్ల వెన్నుపాము పైపొరకు అతుక్కుపోయి ఉంటే, అక్కడ పట్టి లాగకుండా ఆ ముక్కను అలాగే వదిలేశారు. పొద్దున తీసుకెళ్తే బయటికి తెచ్చేసరికి సాయంత్రమైందని మా ఆవిడ చెప్పింది.

మెలకువ వచ్చాక కాళ్ళు కదిలించమన్నారు. కదిలాయి. కానీ కుడి భుజం పైకి లేవలేదు. మా ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి అలా అవుతుందని, మెడలోంచి భుజానికి వచ్చే ఒక నరం లాగబడటం వల్ల వస్తుందని, చాలామందికి నెలల్లో తగ్గుతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి నేను కంగారు పడలేదు. నిజంగానే మెల్లమెల్లగా వచ్చింది. ఇప్పుడు పై అరలోని గుడ్డల తాను నేనే దించుకుంటాను.

మెడకు కాలర్ వేసి, పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం నేర్పారు. ఫిజియోథెరపీ అక్కడే మొదలైంది, ఇంటికొచ్చాక కూడా మానలేదు. ఊరికి తిరిగొచ్చాక చాలామంది మానేసేది ఇక్కడే. ఆపరేషన్ నరాలకు చోటిస్తుంది, కానీ బిగుసుకున్న కండరాలు వాటంతట అవి నడక నేర్చుకోవు. గోలీలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, గోడకు ఆనుకొని లేచి కూర్చోవడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి గీత మీద నడవడం. చేతుల కోసం మా ఆవిడ నా పాత చొక్కా ఒకటి కుర్చీ వీపుకు తొడిగి పెట్టింది. కూర్చున్నప్పుడల్లా దాని గుండీలు పెట్టడం, తీయడం. మెడ దగ్గరి గుండీ అన్నిటికంటే ఆలస్యంగా లొంగింది.

తిండి గురించి కూడా చెప్పారు. పాలు, పెరుగు, ఆకుకూరలు, మునగాకు, ఉసిరి, అంటే సున్నమూ సి విటమినూ బాగా అందాలి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు పరిశోధించి చెప్పారట. మనకది కొత్త తిండి కాదు, రోజూ చారు పోసుకునేదే. డికాక్షన్ టీ తగ్గించమన్నారు, నల్ల ఉప్పు మానేయమన్నారు. రెండింటిలోనూ ఫ్లోరైడు ఉంటుంది. ఇంకొక సంగతి మా ఊళ్ళో చాలామందికి తెలియదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై పోతుంది కాబట్టి మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. నల్లా రాని రోజు మళ్ళీ బోరు నీళ్ళు కాచుకొని తాగేవాళ్ళను నేను ఇప్పటికీ చూస్తున్నాను, చూసినచోటల్లా చెప్తున్నాను.

ఇప్పుడు నా పరిస్థితి రాస్తాను. కర్ర లేకుండా ఇంట్లో తిరుగుతాను, బయటికి వెళ్తే కర్ర పట్టుకుంటాను. పరుగెత్తలేను. మూత్రం అదుపులోకి వచ్చింది. పాదం ఆడటం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, అందుకని కాలి మిషన్ తీసేసి మోటారు మిషన్ పెట్టుకున్నాను. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను, కాస్త ఎక్కువసేపు పడుతుంది. కాజాలు మాత్రం బయట వేయిస్తున్నాను. గుడ్డ పొరలు వేళ్ళతో తెలియడం తిరిగి రాలేదు. నా నడుము పైభాగంలో కూడా కొంత ఇరుకుంది, అది ఇప్పుడు నరాన్ని నొక్కడం లేదు, కనిపెట్టుకొని ఉండాలన్నారు. ఏటా చూపించుకుంటున్నాను.

నాకు జరిగినదాన్ని చూసి మా వీధిలో నలుగురైదుగురు వచ్చి వాళ్ళ చేతులు, కాళ్ళు చూపిస్తున్నారు. నేను డాక్టరును కాను. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు తెరవగలరో లెక్కపెట్టించి, చెప్పులు జారుతున్నాయా అని అడిగి, అనుమానముంటే హైదరాబాదు పొమ్మంటున్నాను. పోనంటే మా మేనకోడలికి ఫోను కలిపి మాట్లాడిస్తున్నాను. మా తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న, మేస్త్రీ పని. తాపీ చేతిలోంచి జారుతోందని మొన్న వాడే చెప్పాడు. పిడికిలి పదిహేను దాటలేదు. మెడకు ఎమ్మారై రాశారు, వచ్చే వారం తీసుకెళ్తున్నాను.